మస్కడే కొనేటప్పుడు లేబుల్లో ఏం చూడాలి

తీపి లేని ఫ్రెంచ్ వైట్ వైన్ అనగానే చాలామంది షాబ్లీ చేతికి తీసుకుంటారు, ధర చూసి మళ్లీ అరలో పెట్టేస్తారు. అలాంటప్పుడు పక్కన మస్కడే ఉందేమో చూడండి. పశ్చిమ ఫ్రాన్స్‌లోని నాంత్ నగరం చుట్టుపక్కల, సముద్రానికి దగ్గర్లో పండే మెలోన్ ద బుర్గోన్ ద్రాక్షతో దీన్ని చేస్తారు. పుల్లదనం చురుగ్గా తగులుతుంది, చివర్లో నాలుక మీద కాస్త ఉప్పదనం.

లేబుల్ మీద 'సుర్ లీ' అని ఉందా చూడండి. పులిశాక అడుగున దిగిన ఈస్ట్ మడ్డి మీదే వైన్‌ను చలికాలమంతా ఉంచి, వేరే తొట్టిలోకి మార్చకుండా నేరుగా సీసాల్లోకి ఎక్కించారని అర్థం. అందుకే పలచగా అనిపించదు, ఒక్కోసారి సన్నగా చిరచిరలాడుతుంది కూడా.

'వియెయ్ విన్య్', అంటే ముసలి తీగలు, అని ఉంటే మాత్రం వెంటనే పడిపోకండి. ముసలి తీగలు తక్కువ కాస్తాయి, రుచి చిక్కగా ఉంటుందన్న మాట ఉంది. కానీ ఎన్నేళ్లు దాటితే ముసలివో ఫ్రాన్స్ చట్టం చెప్పదు. 30 ఏళ్ల తోటవాళ్లూ రాసుకోవచ్చు, 80 ఏళ్ల తోటవాళ్లూ రాసుకోవచ్చు. తీగల వయసు అంకెల్లో వేసి ఉంటే నమ్మొచ్చు. నన్నడిగితే దానికన్నా క్లిసోన్, గోర్జ్, ల పాలే లాంటి ఊరి పేరుకే నాలుగు డబ్బులు ఎక్కువ పెడతాను. ఈ మూడింటికీ 2011లో ప్రత్యేక గుర్తింపు వచ్చింది, మడ్డి మీద ఏడాదికి పైగానే ఉంచుతారు.

ఫ్రిజ్‌లోంచి తీసి పావుగంట బయట పెట్టి పోయండి. మరీ చల్లగా ఉంటే పులుపు తప్ప ఇంకేం తెలియదు. ఆయిస్టర్లు, ఆల్చిప్పలు దీనికి సరైన జోడీ. కారం దట్టించిన రొయ్యల వేపుడు ముందు పాపం నిలబడదు.