టర్న్‌టేబుల్ శబ్దం పీలగా వస్తోందా? ముందుగా ప్రీయాంప్ సంగతి చూడండి

సమస్య: టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్) మీద పాట పెట్టి వాల్యూమ్ చివరిదాకా తిప్పినా అది పక్క గదిలోంచి వస్తున్నట్లు వినిపిస్తుంది. మంద్ర స్వరాలు దాదాపు మాయమై, పాడేవారి సకారాలు మాత్రం చెవికి గుచ్చుకుంటాయి.

కారణం: రికార్డు గాడిలో సూది కదలికకు, ఆ సూదిని పట్టి ఉంచే కార్ట్రిడ్జ్ అనే చిన్న భాగంలో పుట్టే విద్యుత్తు అత్యల్పం. మూవింగ్ మాగ్నెట్ (సూదితో పాటు అయస్కాంతం కదిలే) రకంలో అది సాధారణంగా 3 నుంచి 6 మిల్లీవోల్టులు ఉంటే, యాంప్లిఫయర్ లైన్ ఇన్‌పుట్‌కు (మామూలు ఇన్‌పుట్‌కు) కొన్ని వందల మిల్లీవోల్టులు కావాలి. అయితే లోటు బలంలోనే కాదు, స్వరాల పొందికలో కూడా ఉంది. మంద్ర స్వరాలను ఉన్నవి ఉన్నట్లుగా చెక్కితే గాడి విపరీతంగా ఊగి పక్క గాడిలోకి చొచ్చుకుపోతుంది కనుక, రికార్డు తయారీలో వాటిని బాగా తగ్గించి, గరగర కింద మరుగున పడకుండా తార స్వరాలను పెంచుతారు. 1954 నుంచి స్థిరపడిన ఆర్‌ఐఏఏ (అమెరికా రికార్డింగ్ పరిశ్రమ సంఘం) ప్రమాణం ప్రకారం 20 హెర్ట్జ్ దగ్గర తగ్గింపు, 20,000 హెర్ట్జ్ దగ్గర పెంపు, రెండూ సుమారు 20 డెసిబెల్స్. యాంప్లిఫయర్‌కు ముందు దశలో ఉండే ఫోనో ప్రీయాంప్ అనే సర్క్యూట్ శబ్దాన్ని పెంచుతూనే ఈ హెచ్చుతగ్గులను తిరిగి సరిచేస్తుంది. ఈ రెండో పనిని చాలామంది గమనించరు. మైక్ యాంప్లిఫయర్ తగిలిస్తే మోత పెరుగుతుందే గాని పీలతనం పోదు.

పరిష్కారం: కొత్తది కొనేముందు ఉన్న పరికరాల వెనుక వైపు చూడండి. టర్న్‌టేబుల్‌కు ఫోనో, లైన్ అని రాసిన చిన్న స్విచ్ ఉంటే ప్రీయాంప్ అందులోనే ఉన్నట్లు. వాల్యూమ్ తగ్గించి, దాన్ని లైన్‌కు జరిపి, యాంప్లిఫయర్ మామూలు ఇన్‌పుట్‌కు కలపండి. యాంప్లిఫయర్‌కే ఫోనో ఇన్‌పుట్ ఉంటే స్విచ్‌ను ఫోనోలో ఉంచి అక్కడ కలపవచ్చు. రెండూ లేనప్పుడే విడి ప్రీయాంప్ అవసరం. పాత సిరామిక్ కార్ట్రిడ్జ్ అయితే దాని సంకేతం బలంగానే ఉంటుంది కాబట్టి, సాధారణంగా అదీ అక్కర్లేదు.

సమస్య: శబ్దం బద్దలైనట్లు, మంద్రం ఉబ్బిపోయినట్లు వస్తుంది.

సంకేతం రెండు ప్రీయాంప్‌ల గుండా పోతోందన్నమాట. స్విచ్ లైన్‌లో ఉండగా ఫోనో ఇన్‌పుట్‌కు కలిపితే జరిగేది ఇదే. ఒకదాన్ని తప్పించండి.

సమస్య: పొందిక బాగానే ఉంది, శబ్దం మాత్రం చిన్నది.

ఇది మూవింగ్ కాయిల్ (అయస్కాంతానికి బదులు తీగచుట్ట కదిలే) కార్ట్రిడ్జ్ కావచ్చు. వీటిలో చాలావాటి సంకేతం అర మిల్లీవోల్టుకు మించదు. మాగ్నెట్ రకానికి సరిపోయే 40 డెసిబెల్స్ పెంపు వీటికి చాలదు, దాదాపు 60 కావాలి. ప్రీయాంప్‌పై ఎంసీ (మూవింగ్ కాయిల్) అనే అమరిక ఉంటే దానికి మార్చండి.

సమస్య: పాట వెనుక ఎడతెగని గుంయ్‌మనే మోత.

సూదిని రికార్డు మీద పెట్టకుండా, టోన్‌ఆర్మ్ (సూదిని మోసే కడ్డీ) లోహభాగాన్ని వేలితో తాకండి. మోత తగ్గినా, పెరిగినా అనుమానం గ్రౌండ్ తీగ మీదే. టర్న్‌టేబుల్ నుంచి వచ్చే ఆ సన్నని తీగను ప్రీయాంప్ వెనుక ఉన్న గ్రౌండ్ స్క్రూకు బిగించండి. తీగ బిగువుగానే ఉంటే, ప్రీయాంప్‌ను పవర్ అడాప్టర్లకు, ట్రాన్స్‌ఫార్మర్లకు దూరంగా జరిపి మళ్లీ వినండి.