సురక్షితమైన వంటిల్లు – నాలుగో పాఠం: మిగిలిన అన్నాన్ని చల్లార్చడం

గత మూడు పాఠాలలో చేతుల శుభ్రతను గురించీ, పచ్చి మాంసానికి వేరే పీట వాడడాన్ని గురించీ, ముక్క లోపలిదాకా ఉడికిందో లేదో థర్మామీటరుతో చూసుకోవడాన్ని గురించీ నేర్చుకున్నాము. అవన్నీ పొయ్యి ఆర్పేవరకు పాటించవలసినవి. నేటి పాఠం పొయ్యి ఆర్పిన క్షణం నుంచి మొదలవుతుంది.

నెల్లూరులో ఎండాకాలం పొద్దుట వండిన అన్నం సాయంత్రానికి జిగురు సాగి వాసన వేస్తుంది కనుక, దానిని పారబోయడానికి ఎవరూ సందేహించరు. బెంగళూరులో అదే అన్నం రాత్రి తొమ్మిదింటికి కూడా మెతుకు మెతుకుగా, ఏ వాసనా లేకుండా ఉంటుంది. ఈ ఊరి చల్లదనం మన వాళ్ళను మోసం చేసేది ఇక్కడే. అన్నాన్ని పాచిపోయేలా చేసే సూక్ష్మజీవులు వేరు, మనిషిని పడుకోబెట్టేవి వేరు. రెండో రకం తమ రాకను ముక్కుకు తెలియనివ్వవు.

మారతహళ్ళిలో ముగ్గురం ఒక గదిలో అద్దెకున్న రోజుల్లో పొద్దున ఎనిమిదింటికి కుక్కరులో అన్నం వండి, స్విచ్చి ఆపి, మూత పెట్టి ఆఫీసుకు వెళ్ళేవాళ్ళము. ఒక రాత్రి ఆ అన్నానికే పోపు వేసి, రెండు గుడ్లు కొట్టి, పొగలు వచ్చేదాకా వేయించుకుని తిన్నాము. పన్నెండు కొట్టక ముందే ఇద్దరం వాంతులతో బాత్రూము తలుపు దగ్గర కూర్చున్నాము. నేరమంతా గుడ్ల మీద వేశాము. అయితే ఆ డజనులోవే రెండు గుడ్లతో ఆమ్లెట్టు వేసుకుని చపాతీలతో తిన్న మూడో మిత్రుడు హాయిగా నిద్రపోతున్న సంగతి తెల్లవారాక గాని మాకు తట్టలేదు.

దోషి బహుశా అన్నమే. బేసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా మట్టిలో ఉంటుంది. పొలం నుంచి బియ్యంతోపాటు సిద్ధబీజాల (గట్టి పొర కప్పుకుని నిద్రాణంగా ఉండే స్పోర్ల) రూపంలో ఇంటికి వస్తుంది. బియ్యాన్ని ఎన్నిసార్లు కడిగినా అవి పూర్తిగా పోవు, ఎసరు మరిగినా చావవు. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నందువల్ల ఇక్కడ నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి గాని, 100 డిగ్రీలైనా వాటికి లెక్కలేదు. అన్నం 60 డిగ్రీల కంటే చల్లబడ్డాక ఆ బీజాలు మొలకెత్తి, గోరువెచ్చని అన్నంలో వేగంగా పెరిగి, సెర్యులైడ్ అనే విషాన్ని విడుదల చేయగలవు. ఆ విషం 121 డిగ్రీల వేడిలో గంటన్నర ఉంచినా చెడదు. అంటే మేము పెనం మీద ఎంత వేయించినా, చచ్చేది బ్యాక్టీరియాయే గాని విషం కాదు. తిన్న అరగంట నుంచి ఆరు గంటల లోపు వాంతులు మొదలవడం దీని లక్షణం. 1970లలో బ్రిటన్‌లోని చైనీస్ హోటళ్ళలో అన్నం పెద్దమొత్తంలో ఉడికించి, వంటగదిలోనే వదిలేసి, అడిగినవారికి వేయించి పెట్టినందువల్ల ఇలాంటి కేసులు వరసగా బయటపడ్డాయి.

కాబట్టి నేర్చుకోవలసిన విద్య చల్లార్చడమే. గిన్నెలో కూరినట్టున్న అన్నం పైన చల్లగా తగిలినా నడుమ గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది. పెళ్ళిళ్ళలో పులిహోరకు అన్నాన్ని వెడల్పాటి పళ్ళేలలో ఆరబోయడం చూసే ఉంటారు. ఇంట్లోనూ అదే చేయండి. తినగా మిగిలే అన్నాన్ని వేడిగా ఉండగానే తీసి, శుభ్రమైన స్టీలు పళ్ళెంలో అంగుళానికి మించని మందంలో పరచి, ఫ్యాను కింద ఉంచండి. ఆవిరి ఆగగానే, గంట దాటకుండా, లోతు తక్కువ డబ్బాలలో సర్ది ఫ్రిజ్‌లో పెట్టండి. గోరువెచ్చని అన్నం పెడితే ఫ్రిజ్ పాడవుతుందనే భయం అనవసరం. ఫ్రిజ్ లోపల 5 డిగ్రీలు గాని అంతకన్నా తక్కువ గాని ఉండాలి. మరునాటికల్లా తినేయండి, తినే ముందు 70 డిగ్రీలు దాటేలా ఒక్కసారే వేడి చేయండి. కుక్కరును "వార్మ్"లో ఉంచేవారు అన్నం నడుమ వేడి 60 డిగ్రీలకంటే తగ్గడం లేదని థర్మామీటరుతో నిర్ధారించుకోవాలి. కరెంటు చాలాసేపు పోయిన రోజు ఆ లెక్క చెల్లదు.

"మరి చద్దన్నం తిని పెరిగినవాళ్ళం కదా?" అని అడగవచ్చు. పులుపు ఈ బ్యాక్టీరియా పెరుగుదలను అణచుతుంది. చింతపండు పులిహోర ప్రయాణానికి నిలవడానికీ అదే ముఖ్య కారణం. అయితే అప్పటికే తయారైన విషాన్ని పులుపు తీసివేయలేదు. అందుచేత పులిహోర కలిపినా, పెరుగు వేసి నానబెట్టినా, ఆ పని అన్నం ఆరిన వెంటనే జరగాలి గాని, మధ్యాహ్నం నుంచి బల్ల మీదున్న అన్నంతో రాత్రి కాదు.

ఒకవేళ వాంతులు మొదలైతే ఓఆర్ఎస్ కొద్దికొద్దిగా తాగించండి. నీళ్ళు కూడా నిలవకపోయినా, మూత్రం తగ్గినా, విరేచనంలో రక్తం కనబడినా, రోగి పసిపిల్ల, గర్భిణి లేదా వృద్ధులైనా వైద్యుని దగ్గరకు వెళ్ళడంలో ఆలస్యం చేయవద్దు.

ఈ వారం అభ్యాసం: ఒకే అన్నాన్ని సగం గిన్నెలోనే ఉంచి, సగం పళ్ళెంలో పరచండి. పావుగంటకొకసారి రెండింటి నడుమా థర్మామీటరు గుచ్చి, గంటసేపు అంకెలు రాసుకోండి. కొలత అయ్యాక రెండింటినీ ఫ్రిజ్‌లోకి చేర్చండి. ఆ కాగితాన్ని దాచిపెట్టుకోండి. అయిదో పాఠంలో నిండు గిన్నె సాంబారును చన్నీళ్ళ బేసిన్‌లో చల్లార్చేటప్పుడు దానితో పని పడుతుంది.