తప్పు జరిగిందని నమాజు మధ్యలో వదిలేసి పోం కదా

ఆ రోజు ఇషా, అంటే రాత్రి నమాజులో, ముందు నిలబడి చదివించే మా ఇమాం సాబ్ రెండో రకాతు (నిలబడటం, వంగడం, సజ్దా కలిసిన ఒక వంతు) తర్వాత అత్తహియ్యాతు అనే ప్రార్థన చదవడానికి కూర్చోవడం మరిచిపోయి నేరుగా లేచేశారు. వెనక వరసలోంచి ఎవరో "సుబ్హానల్లాహ్" అని గుర్తుచేశారు గానీ అప్పటికే ఆయన నిటారుగా నిలబడిపోయారు, కాబట్టి వెనక్కి రాలేదు. మిగతా రెండు రకాతులు చదివించి, చివర్లో కుడివైపు ముఖం తిప్పి ఒక సలాం చెప్పి, నుదురు నేలకు ఆనించి రెండు సజ్దాలు చేశారు. ఆయనతో పాటు మేమంతా చేశాం. బయట చెప్పులు వెతుక్కుంటూ ఒక కుర్రాడు "ఇమాం అయ్యుండి ఇదేంటి" అని గొణిగాడు. పక్కనున్న పెద్దాయన "నువ్వూ చేశావుగా బేటా సజ్దా, ఇంకేంటి, పద" అన్నాడు.

దాన్నే సజ్దా సహూ అంటారు, మరపు సజ్దా. నా మీద నాకు విసుగొచ్చినా, ఇంట్లోవాళ్ల మీద కోపమొచ్చినా నేను ఈ పద్ధతే వాడతాను. ఇదేదో మనలాంటి అరకొర భక్తుల కోసం పెట్టిన రాయితీ అనుకోకండి. ప్రవక్త ముహమ్మద్ (స) ఒకసారి నాలుగు రకాతుల జుహర్ (మధ్యాహ్నం) నమాజు అయిదు రకాతులు చదివించారు. విషయం తెలిశాక రెండు సజ్దాలు చేసి, నేనూ మీలాంటి మనిషినే, మీలాగే మరిచిపోతాను, మరిస్తే గుర్తుచేయండి అన్నారు. బుఖారీ, ముస్లిం రెండు హదీసు గ్రంథాల్లోనూ ఉన్న సంగతే ఇది.

మొదట తప్పు ఎంతటిదో చూడండి. మన దగ్గర ఎక్కువమంది పాటించే హనఫీ పద్ధతి ప్రకారం చెబుతున్నా, మిగతా మజ్‌హబ్‌లలో (ఇస్లామీ న్యాయ సంప్రదాయాల్లో) వివరాలు కొంచెం మారతాయి. నమాజు మొదట్లో సనా అనే స్తుతి చదవడం మరిస్తే అది సున్నత్ (చేస్తే మంచిది), ఏమీ చేయక్కర్లేదు. మధ్యలో కూర్చోవడం మరిస్తే వాజిబ్ (చేయాల్సిన పని) పోయింది, సజ్దా సహూతో సరిపోతుంది. రుకూ (నడుము వంచడం) లాంటి ఫర్జ్, అంటే అది లేకుంటే నమాజే కానిది, వదిలేస్తే మాత్రం రెండు సజ్దాలతో తీరదు, దాన్ని చేసి తీరాల్సిందే. మనం కోపంలో చేసే పొరపాటల్లా సనా మరిచినవాణ్ణి రుకూ ఎగ్గొట్టినవాడిలా చూడటం. కూరలో ఉప్పు ఎక్కువైతే అది సనా, అంతే. అలాగని ఇంట్లో కొట్టేవాణ్ణి, డబ్బు విషయంలో మోసం చేసేవాణ్ణి "పోనీలే, మనుషులన్నాక తప్పులు మామూలే" అని భరించమని ఎవరైనా దీన్ (మతం) పేరు చెబితే నమ్మకండి.

రెండోది, లేచి నిలబడ్డాక మళ్లీ కూర్చోకూడదన్న మాట. పూర్తిగా లేవకముందే గుర్తొస్తే కూర్చోవచ్చు, లేచేస్తే ఇక ముందుకే, లెక్క చివర్లో సరిచేసుకోవాలి. ఆఫీసులో నిన్న నోరు జారిన మాటని రాత్రి రెండింటిదాకా నెమరేసే అలవాటు నాకుంది. ఇప్పుడు క్షమాపణ చెప్పాల్సింది ఉంటే పొద్దున చెప్పేస్తాను, ఇషా తర్వాత మూడుసార్లు అస్తగ్‌ఫిరుల్లాహ్ (అల్లాహ్‌ను క్షమాపణ వేడుకుంటున్నాను) అనుకుని పడుకుంటాను. రోజూ కుదురుతుందని చెప్పను.

మూడు రకాతులు చదివానా, నాలుగా అనే అనుమానం పదేపదే వస్తుంటే ఏం చేయాలి? మనసు ఎటు మొగ్గితే అటు, ఎటూ తేలకపోతే తక్కువ లెక్క పట్టుకుని మిగతాది పూర్తిచేయాలి. మొదటినుంచి మళ్లీ మొదలుపెట్టమనరు. ఉజూ (నమాజుకు ముందు కాళ్లూచేతులూ ముఖమూ కడుక్కోవడం) సరిగ్గా అయిందో లేదోనని నాలుగుసార్లు చేతులు కడిగేవాళ్లకు మా పెద్దవాళ్లు అది భక్తి కాదు, వస్‌వసా (పట్టి పీడించే అనుమానం) అని చెప్పేవాళ్లు.

ఇక ఎదుటివాళ్ల తప్పు చెప్పడం. ఇమాము పొరబడితే వెనకున్నవాళ్లు "తప్పు చదివావ్" అనరు, "సుబ్హానల్లాహ్" అంటారు. ఏ లోపమూ లేనివాడు అల్లాహ్ ఒక్కడేనని గుర్తుచేసే మాట అది, చెప్పేవాడికీ వర్తిస్తుంది. ఆడవాళ్లయితే అరచేతిని ఇంకో చేతి మీద తట్టి చప్పుడు చేస్తారు. ప్రవక్త (స) ఒకసారి రెండు రకాతులకే సలాం చెప్పి నమాజు ముగించేస్తే, అబూబక్ర్, ఉమర్ లాంటివాళ్లే నోరు మెదపలేదు. జుల్‌యదైన్ అని పిలిచే ఒకాయన మాత్రం "మీరు మరిచారా, లేక నమాజు తగ్గించారా?" అని అడిగాడు. నింద కాదు, ప్రశ్న. మొగుడూపెళ్లాల మధ్య కూడా "నువ్వెప్పుడూ ఇంతే" బదులు "మరిచావా, లేక ఏదైనా పనిలో ఉన్నావా?" అని అడిగి చూడండి, సగం గొడవలు అక్కడే ఆగుతాయి.

ఇంకో సంగతి నాకు భలే ఇష్టం. ఇమాము మరిస్తే సజ్దా అందరూ చేయాలి, కానీ ఆయన వెనక నిలబడ్డవాడు మరిస్తే విడిగా సజ్దా అక్కర్లేదు, ఇమాము నమాజులోనే ఆ లోటు కలిసిపోతుంది. అందుకే మా అబ్బాయి లెక్కల్లో మార్కులు తక్కువ తెచ్చుకున్నప్పుడు వాణ్ణి ఒక్కణ్ణే నిలబెట్టి అడగడం మానేశాను, నేనూ పుస్తకం పట్టుకుని పక్కన కూర్చుంటున్నాను.

మోటర్ ఆపడం మరిచిపోతుందని మా ఆవిడకి ఇదంతా ఒకరోజు అరగంట సేపు వివరించాను. మొన్న ట్యాంకు పొర్లి మెట్లమీదుగా నీళ్లు దిగుతున్నాయి, మోటర్ వేసింది నేనే. వంటింట్లోంచి రెండుసార్లు చేతి మీద తట్టిన చప్పుడు వినబడింది.