ఊరి పేరు పుట్టుక వెతికే పద్ధతి: డాన్యూబ్ ఒడ్డున చెర్నవొద

రుమేనియా ఆగ్నేయాన, డోబ్రుజా ప్రాంతంలో, డాన్యూబ్ నది కుడి గట్టున చెర్నవొద అనే చిన్న పట్టణం ఉంది. ఇంజనీరు ఆంగెల్ సలిన్యి నిర్మించగా 1895లో ప్రారంభమైన రైలు వంతెన వల్ల అది పేరుకెక్కింది. ఊరి పేర్ల మూలాలు వెతకడం నేర్చుకోదలచిన వారు ఈ ఊరితో మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం.

ముందుగా ఆ పేరుకు ఇప్పటి స్థానిక భాషలో అర్థం ఉందేమో చూడాలి. రుమేనియన్‌లో నీటిని 'అప' అని, నలుపును 'నెగ్రు' అని అంటారు. 'చెర్నవొద'లో ఆ రెండూ వినిపించవు. తరువాత ఆ నేల మీద మసలిన ఇతర భాషలను ఒక్కొక్కటిగా పరిశీలించాలి. 1878లో రుమేనియాకు దక్కేవరకు డోబ్రుజాలోని ఈ ఉత్తర భాగం శతాబ్దాల పాటు ఒట్టోమన్ తురుష్కుల ఏలుబడిలో ఉంది. కాని వారు ఈ ఊరిని బొవాజ్‌కొయ్ అని పిలిచారు. ఇక మిగిలింది పొరుగునున్న బల్గేరియన్, అది స్లావిక్ భాషా కుటుంబానికి చెందినది. అందులో 'చెర్న' అంటే నల్లని, 'వొద' అంటే నీరు. ఊరి పేరు నల్లనీరు అన్నమాట.

ఇక్కడ మనకు మరింత దగ్గరి సంగతి ఒకటి ఉంది. స్లావిక్ 'చెర్న', సంస్కృత 'కృష్ణ' ఒకే ప్రాచీన మూలం నుంచి వచ్చిన మాటలు. 'వొద', మనం పూజలో పలికే 'ఉదకం' కూడా అంతే. అయితే పోలిక కనబడగానే చుట్టరికం కలపకూడదు. రుమేనియన్ 'అప'ను చూసి సంస్కృత 'ఆపః' అనుకోవడం పొరపాటు, ఎందుకంటే అది లాటిన్ 'అక్వా' మారిన రూపం. నాలుగు అనే అర్థంలోని 'క్వాట్టువోర్' 'పత్రు' అయినట్లే ఇక్కడా 'క్వ' 'ప'గా మారింది. ధ్వనుల మార్పు ఇలా పలు మాటల్లో ఒకే తీరున కనిపిస్తేనే నమ్మాలి.

చివరగా, అంతకు ముందున్న పేరును వెతకాలి. పూర్వం ఈ చోటికి దగ్గరలోనే ఆక్సియోపొలిస్ అనే పట్టణం ఉండేది. గ్రీకులో 'ఆక్సియోస్' అంటే యోగ్యమైన అని అర్థం కనుక ఆ పేరును అలాగే విడదీయాలనిపిస్తుంది. కాని దాని వెనుక చీకటి రంగును సూచించే ప్రాచీన ఇరానియన్ మాట 'అఖ్షైన' వంటిది ఉందని కొందరు పండితులు భావించారు. అదే నిజమైతే స్లావులు, అంటే స్లావిక్ భాషలు మాట్లాడేవారు, పాత పేరును తమ భాషలోకి అనువదించుకొని ఉండవచ్చు. ఇటువంటి దానిని మీ వ్యాసంలో ఊహగానే రాయండి, 'నల్లనీరు' అన్న అర్థాన్ని మాత్రం నిశ్చయంగా రాయండి.