ఛార్జర్ పక్కన కథల పుస్తకం

మా అబ్బాయి తొమ్మిదో తరగతి. క్లాసు పుస్తకం కాకుండా ఇంకేదిచ్చినా మూలన పడేసేవాడు. ఇప్పుడు ఇట్లా చేస్తున్నాం: వంద పేజీలు దాటని కథల పుస్తకం తెచ్చి, రాత్రి అన్నం తిన్నాక మొదటి మూడు పేజీలు నేనే పైకి చదువుతాను. కథలో సరిగ్గా ఎవరో తలుపు తట్టే దగ్గర ఆపేసి, పుస్తకాన్ని ఛార్జర్ పక్కన బోర్లా పెట్టి లేస్తాను. ఫోన్ ఛార్జింగ్‌లో ఉన్నంతసేపు వాడి చెయ్యి పుస్తకం మీదికే పోతుంది. కాకతీయుల కాలం కథలైతే ఇంకా తొందరగా పట్టుకున్నాడు, ఖిలా వరంగల్ తోరణాలు చిన్నప్పటి నుంచి చూసినవే కదా! మొన్న హనుమకొండలో కరీంనగర్ బస్సెక్కి, హుజూరాబాద్ వచ్చేసరికి ఒకటి పూర్తి చేశాడు.

చదివాక "ఏం నేర్చుకున్నావు?" అని మాత్రం అడగకండి. నేను ఒకసారి అడిగితే, వారం రోజులు పుస్తకం ముట్టలేదు.