చదరంగం సొంతంగా – 4వ పాఠం: ఒకే ఓపెనింగ్, రెండు వైపుల నుంచీ

గత పాఠంలో చెప్పుకున్న మూడు పనులు గుర్తున్నాయి కదా? మధ్య గళ్ళ మీద పట్టు సాధించడం, గుర్రాలనూ బిషప్‌లనూ బయటికి తేవడం, క్యాస్లింగ్ (రాజునూ ఏనుగునూ ఒకే ఎత్తులో కదపడం) చేసి రాజును భద్రపరచడం. వాటిని ఏ వరుసలో చేయాలో చెప్పేదే ఓపెనింగ్.

తెల్లపావుల వారికి మొదటి ఎత్తు 20 రకాలుగా సాధ్యం: బంట్లతో 16, గుర్రాలతో 4. నల్లపావుల వారికీ అన్నే. చెరొక ఎత్తు వేసేసరికి బల్ల మీద 400 రకాల స్థితులు రావచ్చు. ఇది చూసి కొత్తవాళ్ళు రెండు తప్పుదారుల్లో ఏదో ఒకటి పడతారు. కొందరు పది ఓపెనింగ్‌ల పేర్లు, ఒక్కోదాంట్లో నాలుగేసి ఎత్తులు బట్టీ పడతారు. ఐదో ఎత్తు తమకు తెలియనిది రాగానే చేతులు ఆగిపోతాయి. ఇంకొందరు ఒకే ఒక్క ఉచ్చును నమ్ముకుంటారు.

ఆ ఉచ్చు మీకూ ఎదురవుతుంది కాబట్టి చూద్దాం. (గడి పేరులో అక్షరం నిలువు వరుస, అంకె అడ్డ వరుస. ప్రతి సంఖ్య పక్కన ముందు తెల్ల ఎత్తు, తర్వాత నల్లది. మూడు చుక్కలుంటే అది నల్ల ఎత్తు. పావు పేరు లేకపోతే బంటు.) 1. ఇ4 ఇ5 2. మంత్రి హెచ్5. మంత్రి ఇ5 బంటును బెదిరిస్తోంది. దానికి జవాబు 2... గుర్రం సి6. తర్వాత 3. బిషప్ సి4 వేస్తే ఎఫ్7 మీద చెక్‌మేట్ పొంచి ఉంటుంది. నల్ల 3... జి6 అని మంత్రిని తరిమితే, అది ఎఫ్3కు వెళ్ళి మళ్ళీ ఎఫ్7 వైపే చూస్తుంది. అప్పుడు 4... గుర్రం ఎఫ్6తో దారి మూసేస్తే సరి. ఇప్పుడు బల్ల చూడండి. నల్లకు రెండు గుర్రాలూ బయట ఉన్నాయి. తెల్ల మంత్రి తన సొంత గుర్రం రావలసిన గడిలో కూర్చుంది. ఈ ఉచ్చుతో ఎన్ని ఆటలు గెలిచినా ఆట మాత్రం రాదు.

మరి ఏది ఎంచుకోవాలి? ఈ పాఠంలో ఒక్క మాటే గట్టిగా చెప్పదలచుకున్నాను: తెల్లతో ఆడేటప్పుడు ఇటాలియన్ ఆడండి, నల్లతో ఆడేటప్పుడు ఇ4కు ఇ5తోనే జవాబివ్వండి. అలా చేస్తే ఒకే రకం స్థితి రెండు వైపుల నుంచీ ఎదురవుతుంది. తెల్లతో ఆడుతూ మీరు పట్టుకున్న బలహీనత, నల్లతో ఆడేటప్పుడు మీరే కాపాడుకోవలసి వస్తుంది. చదువు సగమై, అవగాహన రెట్టింపు అవుతుంది.

1. ఇ4 ఇ5 2. గుర్రం ఎఫ్3, గుర్రం సి6 3. బిషప్ సి4, బిషప్ సి5. ఇదే ఇటాలియన్ ఓపెనింగ్. ఇది 17వ శతాబ్దపు ఇటలీ ఆటగాడు గ్రెకో రాతల్లోనే కనిపిస్తుంది, ఇప్పటి గ్రాండ్‌మాస్టర్లూ ఆడుతున్నారు. ప్రతి ఎత్తుకూ కారణం ఉంది. తెల్ల గుర్రం ఇ5 బంటు మీద దాడి చేస్తుంది, నల్ల గుర్రం ఆ బంటును కాస్తుంది. తెల్ల బిషప్ ఎఫ్7 వైపు చూస్తుంది. ఆ గడిని మొదట్లో కాచేది రాజు ఒక్కడే.

ఇక్కడ చాలామంది తెల్ల ఆటగాళ్ళు ఆవేశంగా 4. గుర్రం జి5 వేసి ఎఫ్7ను రెండు పావులతో కొట్టాలనుకుంటారు. కాస్త ఆగి డి8లోని నల్ల మంత్రిని చూడండి. ఇ7 బంటు ముందుకు కదిలింది, ఎఫ్6 ఖాళీగా ఉంది. మంత్రి నేరుగా వచ్చి ఆ గుర్రాన్ని ఉచితంగా చంపేస్తుంది. అదే నల్ల మూడో ఎత్తుగా బిషప్‌కు బదులు గుర్రాన్ని ఎఫ్6కు తెచ్చి ఉంటే, మంత్రి దారి మూసుకుపోయి ఆ దాడి నిజమైన ప్రమాదం అయ్యేది. వరుస ఎందుకు ముఖ్యమో ఇంతకంటే బాగా చూపే ఉదాహరణ నాకు తెలియదు.

కాబట్టి నెమ్మదైన దారి పట్టండి: 4. సి3, గుర్రం ఎఫ్6 5. డి3, డి6, ఆపైన ఇద్దరూ క్యాస్లింగ్. సి3 ఎందుకంటే, తర్వాత ఎప్పుడైనా డి4 వేసి మధ్యలోకి దూసుకురావడానికి అది ఆసరా. డి3 ఎందుకంటే, ఎఫ్6 గుర్రం ఇ4 బంటు మీద కన్నేసింది.

ఇ4కు నల్ల ఇ5 కాకుండా ఇ6 గానీ సి6 గానీ వేస్తే డి4 వేయండి. సి5 వేస్తే గుర్రం ఎఫ్3. ఇప్పటికి ఇంత చాలు.

తెల్ల ఇ4 కాక డి4తో మొదలుపెడితే నల్లతో డి5 వేయండి. తర్వాత 2. సి4 వస్తే బంటును ఉచితంగా ఇస్తున్నట్టు కనిపిస్తుంది. తీసుకోవడం తప్పు కాదు, దాన్ని పట్టుకు వేలాడటమే తప్పు. 2... డి5 బంటుతో సి4ను చంపి, 3. ఇ3 తర్వాత 3... బి5 అని కాపాడబోతే: 4. ఎ4, సి6 5. తెల్ల బి5ను చంపుతుంది, నల్ల సి6 బంటుతో తిరిగి చంపుతుంది 6. మంత్రి ఎఫ్3. ఇప్పుడు ఆ ఐమూల గీత మొత్తం ఖాళీ, చివర ఎ8లో నల్ల ఏనుగు. దాన్ని కాపాడాలంటే ఏదో ఒక పావును వదులుకోవాలి. అందుకే సులభంగా 2... ఇ6 వేసి, గుర్రం ఎఫ్6, బిషప్ ఇ7, క్యాస్లింగ్ వరుసలో పోండి.

తెల్లతో ఆడే మరో ఓపెనింగ్, లండన్ పద్ధతి, ఎందుకు చెప్పలేదని కొందరు అడుగుతారు. డి4, బిషప్ ఎఫ్4, ఇ3, గుర్రం ఎఫ్3, సి3: ఎదుటివారు ఏం ఆడినా దాదాపు ఇవే ఎత్తులు. మంచి ఓపెనింగే. కానీ మొదటి ఐదు ఎత్తులూ ప్రత్యర్థి వైపు చూడకుండా వేసే అలవాటు కొత్తవారికి మంచిది కాదని నా అభిప్రాయం.

అభ్యాసం: పైన చెప్పిన ఇటాలియన్ వరుసను బల్ల మీద పేర్చండి. ముందు తెల్ల వైపు కూర్చుని, తర్వాత బల్ల తిప్పి నల్ల వైపు కూర్చుని, ఒక్కో ఎత్తుకూ కారణం పైకి చెప్పండి. చెప్పలేకపోయిన ఎత్తు దగ్గర గుర్తు పెట్టుకోండి. ఆ తర్వాత అసలు ఆటలు ఆడి, ప్రత్యర్థి మొదటిసారి వరుస తప్పిన ఎత్తును రాసుకోండి. ఆ ఎత్తు దేన్ని బెదిరించింది? ఏదీ లేకపోతే మూడు పనుల్లో మీకు మిగిలినదేదో చూసి, అదే చేయండి.

5వ పాఠంలో నల్ల మూడో ఎత్తుగా గుర్రాన్ని ఎఫ్6కు తెస్తే, తెల్ల గుర్రం జి5కు దూకినప్పుడు ఎలా నిలవాలో చూద్దాం.