‘హాట్ పెప్పర్’ను పోర్చుగీసులోకి దించే ముందు

గుంటూరు నుంచి విదేశాలకు మిర్చి పంపే ఒక వ్యాపారి, బ్రెజిల్‌కు వెళ్లవలసిన ప్యాకెట్ల లేబుల్‌ను అనువాదానికి నా చేతికిచ్చారు. దానిమీద ఉన్నది ఒక్కటే వరుస: ‘హాట్ రెడ్ పెప్పర్, గ్రౌండ్’. రంగును మినహాయిస్తే తక్కిన మూడు మాటలూ పలు అర్థాలవే. నిఘంటువులో మొదట కనబడిన మాటను పట్టుకుని ‘హాట్’కు నేను ‘కెంచి’ అని రాశాను. అది చేతికి తగిలే వేడికి వాడే మాట కనుక, కారప్పొడిని కాచి అమ్ముతున్నట్లయింది. అచ్చుకు వెళ్లకముందే చూసుకోవడం నా అదృష్టం.

అప్పటి నుంచి ఇంగ్లీషు మాటను ముందుగా తెలుగులో రాసుకుంటున్నాను. ‘హాట్’ అంటే వేడా, కారమా అని తెలుగు అక్కడికక్కడే నిలదీస్తుంది. కారమైతే పోర్చుగీసులో ‘పికాంచి’ అనాలి. బ్రెజిల్‌లో ‘ఆర్జీద’ అని కూడా అంటారు. మండడం అనే క్రియ నుంచి వచ్చిన ఆ మాట మన నాలుకకు బాగా తెలిసినదే. ‘గ్రౌండ్’ కూడా అంతే: నేల అయితే ‘షావ్’, దంచినదో మర పట్టినదో అయితే ‘మొయీద’.

చిక్కంతా ‘పెప్పర్’ దగ్గరే ఉంది. తెలుగులో మిరియం వేరు, మిరప వేరు, క్యాప్సికం వేరు; అయితే మిరప అనే పేరు మిరియం నుంచే పుట్టింది. ఆ మిరపను మన దేశానికి తెచ్చిన పోర్చుగీసువారి భాషలోనూ ‘పిమెంత’ అనే మాట ఈ రెండింటినీ మోస్తుంది. కనుక ఇక్కడ తెలుగు వడపోత ఒక్కటే చాలదు, సరుకు ఏ దేశానికి వెళుతుందో కూడా అడగాలి. బ్రెజిల్‌లో మిరియాన్ని ‘పిమెంత దు హేయ్ను’, అంటే రాజ్యపు పిమెంత అని విడదీసి చెబుతారు. వలస పాలన రోజుల్లో అది పోర్చుగల్ రాజ్యం నుంచి వచ్చేది. పోర్చుగల్‌లోనైతే ఉత్త ‘పిమెంత’ అంటే సాధారణంగా మిరియమే గుర్తుకు వస్తుంది, మిరపను ‘మలగెత’ అనో ‘పిరి పిరి’ అనో అంటారు. క్యాప్సికం బ్రెజిల్‌లో ‘పిమెంతావ్’, పోర్చుగల్‌లో ‘పిమెంతు’.

మాట ఎంచుకున్న తరువాత ఇంగ్లీషు నిఘంటువు వైపు తిరిగి చూడకుండా, ప్రిబెరాం వంటి పోర్చుగీసు–పోర్చుగీసు నిఘంటువులో దాని వివరణ చదివి, అది ప్యాకెట్‌లోని సరుకుకు సరిపోతుందో లేదో చూడాలి. పోర్చుగీసు చదవడం అంతగా రానివారు ఆ మాటతో ఇంటర్నెట్‌లో బొమ్మలు వెతికినా చాలు, పొడి రావలసిన చోట నేల కనిపిస్తే తప్పు తెలిసిపోతుంది.

బ్రెజిల్ లేబుల్ చివరకు ‘పిమెంత వెర్మేల్య పికాంచి మొయీద’ అయింది. పిమెంత స్త్రీలింగం కనుక విశేషణాలు దానిని అనుసరించాయి. అదే సరుకును లిస్బన్‌కు పంపితే ‘పిరి పిరి’ అని రాయాలి. అది పుంలింగం, కాబట్టి ‘మొయీద’ను ‘మొయీదు’గా మార్చడం మరువరాదు.